వినియోగ ధ్రువపత్రం

సీతాఫలం పువ్వు తలకిందులుగ పూస్తది.
మూడు మందపు రేకలు, ఆకురంగువే,
ఎవరూ తెంపి కొప్పుల పెట్టుకోరు.
పొద్దుగూకే యాళ్లకు నోరు సన్నగ తెరుస్తది.
నువ్వుగింజంత పెంకుపురుగు లోపలికి దూరి
రాత్రంత అండ్లనే పండి
తెల్లారినంక ఒళ్లంత పుప్పొడితోని బయటికొస్తది.
పండు ఎనుకున్న సంగతంత గింతే.

గింత సంగతికి నేను
పద్దెనిమిది లక్షల నలబై వేలు అడిగిన.

పాలమూరుల, జువాలజీ డిపార్ట్‌మెంట్ల
కాంట్రాక్టు మీద తొమ్మిదో ఏడు నాకు.
ఫ్యాను నడిస్తే కంప్యూటర్ నడవది,
కంప్యూటర్ నడిస్తే పోర్టల్ నడవది.
ఆఖరి తేదీ జూన్ ముప్పై.
బాలానగర్ గుట్టల మీద పువ్వులు నోర్లు తెరుస్తుంటే
నేనీడ కూసొని
‘పరిశోధనలోని నవ్యత’ అనే డబ్బాల
ఐదొందల అక్షరాలకు మించకుండ
పురుగును కుక్కుతున్న.

నవ్యత ఏముంది?
పురుగు పాతది. పువ్వు పాతది.
మనకు తెలువకపోవుడు గూడ పాతదే.
అట్లనే రాసిన. తర్వాత కొట్టేసిన.
‘రైతు ఆదాయం’ అని రాసిన, ‘ఎగుమతి’ అని రాసిన.
‘కృత్రిమ మేధ’ గూడ తగిలియ్యమన్నడు పక్క రూము ఫిజిక్సాయన.
సిగ్గిడిసి అదీ రాసిన.
పురుగు కాళ్లు లెక్కవెట్టనీకె భూతద్దం చాలు,
భూతద్దం అడిగినోళ్లను ఎవరు నమ్ముతరు?
మైక్రోస్కోపుకు మూడు కొటేషన్లు తెచ్చిన,
మూడు లెటర్‌హెడ్లు, దుకాణం ఒకటే.

కేస్లీబాయిని ‘ఇతరములు’ కింద పెట్టిన.
గుట్టంత తిప్పి సూపిచ్చింది ఆమెనే.
‘రాలిన పండ్లు ఏరేసి సాపు జేసిన కాడ
మర్నేడు కాపు పల్చనైతది’ అన్నది, నడుసుకుంటనే.
నా ప్రతిపాదనల అది ‘పరికల్పన ఒకటి’.
ఆమె పేరు పెట్టనీకె డబ్బా లేదు.
ఉన్న డబ్బాకు విద్యార్హత తప్పనిసరి, పక్కన ఎర్రచుక్క.

మంజూరైంది.
ఆరు లక్షల పదివేలు. అభినందనలు గూడ ఉన్నయి కింద.
పైసలు మార్చి పందొమ్మిదిన పడ్డయి.
ఫైనాన్స్ సెక్షన్ల సుజాయత్ అలీ సాబ్ అద్దాలు తుడుసుకుంట,
“ముప్పై ఒకటి లోపల ఖర్చు సూపియ్యాలె మేడం,
లేకుంటే వడ్డీతో సహా వాపస్.”
“పువ్వు జూన్ల పూస్తది సాబ్.”
మంచి మనిషి, నవ్వలేదు.
గోడ మీది క్యాలెండర్ దిక్కు చానాసేపు సూసి
“పువ్వుకు ఒకసారి చెప్పి సూడున్రి” అన్నడు.

పన్నెండు దినాలు.
సీసాలు కొన్న. స్పిరిట్ కొన్న.
మూడేండ్లకు సరిపోయే కాయితం, ప్రింటర్ సిరా కొన్న.
గుట్టకు పోకుండనే జీపు కిరాయి కట్టిన.
కేస్లీబాయి కూలికి మాత్రం
పాన్ కార్డు లేదని బిల్లు ఎనుకకొచ్చింది.
మంజూరైన మొత్తం ఏ పనికై మంజూరైనదో
ఆ పనికే పూర్తిగ వినియోగమైనదని
ఇందుమూలముగ ధ్రువీకరిస్తూ
సంతకం పెట్టిన. ముద్ర కొద్దిగ వంకర పడ్డది.

ఏప్రిల్ల గుట్టెక్కితే
చెట్లన్ని మోళ్లు. ఒక్క ఆకు లేదు.
ఖాళీ సీసాల పెట్టె సంకలవెట్టుకొని నిలబడ్డ,
ఇత్తనం లేని కాలంల గొర్రు పట్టుకొచ్చినట్టు.
కేస్లీబాయి కొమ్మకు ఏలాడే ఎండిన నల్లకాయను తెంపి
రాయి మీద కొట్టి, చిప్పలు నా అరచేతుల వెట్టింది.
“ఎండకాలం గీండ్ల దాసుకుంటది.”
నువ్వుగింజ కదిలింది.

సీసా మూత తియ్యబుద్ధి కాలేదు.
“దీనికి గూడ పాన్ కార్డు కావాల్నా మేడం?” అన్నది.
ఇద్దరం నవ్వినం.
పురుగు నా ఏలు చివరిదాక నడిసి,
ఆగి, రెక్కలిప్పి పోయింది.

ఆ దినం ఖర్చు, ఇరవై రూపాయల బస్సు చార్జీ,
ఏ పద్దుల రాయాల్నో
ఇంక తెలుస్తలేదు.