రిమార్కుల గడి

కాలేజీ వాళ్ళు పంపిన కాయితం మీద
నా పేరు పక్కన 'ఇండస్ట్రీ మెంటార్' అని ఉంది.
గాజువాక ఆటోనగర్లో,
హుద్‌హుద్ ఎత్తుకుపోయాక మళ్ళీ కప్పించిన రేకుల కింద
రెండు లేతులు, ఒక డ్రిల్లు, మా అప్పలకొండ దగ్గు.
ఇండస్ట్రీ అంటే ఇదే.
మెంటారంటే నేనే.

ముందు ఒక కుర్రాడొచ్చాడు.
బండి ఆపకుండానే అడిగాడు,
"అంకుల్, ఆర్నెల్ల సర్టిఫికెట్ ఎంత?"
ఆ నెల కరెంటు బిల్లు కట్టలేదు.
రబ్బరు స్టాంపు డ్రాయర్లోనే ఉంది.
ఇంకు పేడ్ తడిగానే ఉంది.
కుదరదని చెప్పడానికి
నాకెంత సేపు పట్టిందో
ఇప్పుడు చెప్పను.

తర్వాత వచ్చింది మైలపల్లి నూకరత్నం.
పెదజాలరిపేట నుంచి, కాంప్లెక్సులో బస్సు మారి
ఎనిమిదింటికల్లా షట్టరు ముందుండేది.
తాళం నా దగ్గరుండేది కాబట్టి
ఆలస్యం నాదయ్యేది.

"ఆడపిల్లకి లేతేటి బావూ,
జడ సిక్కుకుంతే ఆల్లయ్యకి ఎవుడు సెప్తాడు?"
అన్నాడు అప్పలకొండ.
మర్నాడు జడ చుట్టి టోపీలో దోపి
గాజులు తీసి టిఫిన్ డబ్బాలో పెట్టి
"ఇప్పుడు చెప్పండి" అని నిలబడింది.
చెప్పడం మొదలెట్టాడు.
ఇన్నేళ్ళలో వాడన్ని మాటలాడటం
నేనెరగను.

మూడో రోజు మధ్యాహ్నం
మలుపులో ఉన్న పెట్రోలు బంకు దాకా
ఎండలో నడిచెళ్ళి వచ్చింది.
నాలుగో రోజూ అంతే.
ఎందుకో అర్థమవడానికి నాకు వారం పట్టింది.
పంతొమ్మిదేళ్ళుగా నడుస్తున్న షెడ్డుకి
ఒక తలుపు తక్కువ.
వెనక గోడ పక్కన చిన్న గది కట్టించాను.
గడియ మాత్రం నేనే లేతు మీద తిప్పాను,
లోపలి నుంచి వేసుకునేది.

జీతం ఇవ్వనక్కర్లేదని రాశారు ఉత్తరంలో.
ఇవ్వకూడదని రాయలేదు కదా.

ఇక ఆ షాఫ్టు సంగతి.
ఫిషింగ్ హార్బరు నుంచి వచ్చింది, మరపడవది.
బేరింగు కూర్చునే చోట
వెంట్రుకవాసి ఎక్కువ కోసేసింది.
వెంట్రుకవాసే. కానీ
నడిసముద్రంలో అది వెంట్రుక కాదు.
అరిచాను. పక్క షెడ్డులో సుత్తి ఆగింది.
"రేపట్నుంచి రావద్దు" అన్నానంటాడు అప్పలకొండ.
నాకు గుర్తు లేదు.
గుర్తుంది.

వచ్చింది.
చేతిలో నోటుబుక్కు.
డయలు ఎన్నోసారి తిప్పినప్పుడు లెక్క జారిందో
బొమ్మ గీసి, అంకెలు వేసి,
కింద 'నా తప్పు' అని రాసుకుంది.
దాని కిందే ఇంకో లైను.
'క్రాస్ స్లైడు స్క్రూ అరిగింది. వెనక్కి తిప్పితే లూజు.'

అవును, లూజే.
నాలుగేళ్ళుగా తెలుసు నాకు.
నా చేయి ఎప్పుడో సర్దుకుంది,
మణికట్టు తనంతట తనే కాస్త ఎక్కువ తిరుగుతుంది.
ఆ కాస్తా
పిల్లకి చెప్పాలని తోచలేదు.

షాఫ్టు డబ్బు హార్బరు వాళ్ళకి
మూడు వాయిదాల్లో కట్టాను.
ముక్క తలుపు వెనకే ఉంది, పారెయ్యలేదు.

ఇప్పుడీ ఫారం నింపాలి.
క్రమశిక్షణ, పదికి ఎంత.
కమ్యూనికేషన్, పదికి ఎంత.
ఈ విద్యార్థిని మీరు ఉద్యోగంలోకి తీసుకుంటారా?
రెండే గళ్ళున్నాయి, అవును, కాదు.
ఆమెకివ్వాల్సిన జీతం
ఈ రేకుల కింద పుట్టదని రాయడానికి
మూడో గడి లేదు.
'అవును' దగ్గర టిక్కు పెట్టి
అబద్ధమాడానో నిజమాడానో
తేల్చుకోలేక టీకి వెళ్ళొచ్చాను.

అడుగున రిమార్కులు.
ఎనిమిదో తరగతి దస్తూరీ నాది.
రెండుసార్లు కొట్టేసి రాశాను,
'స్క్రూ మార్చాం.'

కాలేజీ వాళ్ళు బుర్ర గోక్కుంటారు.
గోక్కోనీ.

స్టాంపు తీశాను.
ఇంకు ఎండిపోయింది.
రెండు చుక్కలు నీళ్ళు వేసి
గట్టిగా నొక్కాల్సొచ్చింది.