పదిహేడో నంబరు

తరమణిలో రాత్రి కరెంటు పోయింది.
జనరేటర్ రెండుసార్లు దగ్గి అందుకుంది.
మైనస్ ఎనభైలో నలభై రెండు కోతుల నెత్తురు
కరగకుండా గట్టెక్కింది.

తెర మీద నాలుగే అక్షరాలు,
ఏ, టీ, జీ, సీ,
పలక నిండా ఒకటే దిద్దిన పిల్లాడి రాతలా
మూడు వేల రెండు వందల చిల్లర.
గుండ్రంగా చుట్టుకొస్తుంది గానీ పూర్తిగా మూసుకోదు,
ఒకచోట పెచ్చూడిన మట్టిగాజు.
ఇంతేనా, కాలేయాన్ని తినేది!

నా ఎడమ మణికట్టు మీద ఒక వాత ఉంది.
ఏడో ఏట కళ్లు పచ్చబడితే
పాలకొండలో ఒక ముసలమ్మ సూది కాల్చి పెట్టింది.
పదిహేడుకి తొడ లోపల పచ్చబొట్టు.
పెట్టేటప్పుడు ఇద్దర్నీ గట్టిగా పట్టుకునే ఉంటారు.

మునిరత్నం దాన్ని నంబరుతో పిలవడు.
"ఏమ్మా, తిన్నావా" అంటాడు
సగం అరవం కలిసిన మద్రాసు తెలుగులో.
ఊచల సందులోంచి తన ఇడ్లీ విరిచి పెడతాడు.
కూడదని బోర్డుంది, ఇంగ్లీషులో.

మేం వెతికింది
వాటి నుంచి మనకేం అంటుతుందోనని.
అందుకే రెండు జతల గ్లోవ్స్, మొహానికి అద్దం.
ఈ రాత్రి వంశవృక్షం గీస్తే
గిబ్బన్లది ఒక కొమ్మ, ఒరాంగుటాన్లది ఒక కొమ్మ,
పదిహేడు మాత్రం పోయి
మనుషుల కొమ్మ మీద కూర్చుంది.
ఆ కొమ్మకి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రంగు పసుపు.
కోతి కదా, కొమ్మ మారిందని నవ్వబోయాను.
మళ్లీ నడిపాను. అక్కడే.
ఇంకోసారి.

ఇడ్లీతో అంటే జబ్బు కాదిది.
పాత రిజిస్టరు తిరగేశాను.
పదకొండేళ్ల కింద, జూలై, మంగళవారం:
జంతువు నంబరు పదిహేడు
కాపరి బొటనవేలు కరిచినది.
నాలుగు కుట్లు. ఒక ఇంజెక్షన్.
మూడు రోజుల సెలవు, జీతంతో.

దాని నోట్లోకి ఏం పోయిందో
రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

తెల్లారితే ఆయన్ని ఐదు మిల్లీలీటర్లు అడగాలి.
ఎందుకని అడగడు, చెయ్యి చాపుతాడు.
కుట్ల మచ్చ ఉన్న చెయ్యే చాపుతాడేమో.
రబ్బరు పట్టీ సొరుగులోంచి తీశాను,
మళ్లీ సొరుగులోనే పెట్టాను.

మొదటి రైలు వంతెన మీద మోగింది.
కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు,
టిఫిన్ డబ్బా గోడకు తగిలిన చప్పుడు.
తలుపు సందులోంచి తల పెట్టి
నా కళ్లకేసి చూసి అడిగాడు:

"ఏమ్మా, తిన్నావా?"