జీలుగ

దాళ్వా కోతలైపోయాయి.
ఉండి కాలువ కట్టేశారు.
చేలో నెర్రెలు, మణికట్టు దాకా
చెయ్యి దిగుతోంది.

గట్టవతల రొయ్యల చెరువు.
రాత్రంతా ఏరేటర్లు నీళ్లు చిలుకుతూనే ఉంటాయి.
తెల్లారేసరికి ఇవతల మన్ను మీద
ఎవరో ముగ్గుపిండి ఒలకబోసినట్టు.
వేలికద్ది నాలుక్కి ఆనించాను.
ఉప్పే.

"జీలుగ చల్లు, దీనికి విరుగుడదే" అంది వరహాలమ్మ,
గోనెలో మిగిలిన తొమ్మిది కిలోలూ
నా నెత్తికెత్తుతూ.
డబ్బులో?
"పంటకి చూద్దాంలే."

రోహిణిలో ఒక్క జల్లు పడింది.
గుప్పిట్లో నిలవని సన్న గింజలు,
డెబ్బై సెంట్లూ చల్లేసరికి
చీకటి పడింది.

నలభై రోజులకి నడుం దాటింది.
ఇంకా పూత విప్పలేదు.
కామందు బండాపి అడిగాడు:
"ఏం పైరిది? తినేదా, అమ్మేదా?"
"చేనికి పెట్టేదండి."
నవ్వాడు.
వచ్చే ఏడు చెరువుకిచ్చేస్తానేమో అని కూడా
ఆ నవ్వులోనే అన్నాడు.

కాలవ నీళ్లు చేలోకెక్కిన రోజు
దమ్ము చక్రాల కింద
పచ్చగా ఉన్నదాన్ని ఉన్నట్టే తొక్కించాను.
వారం పాటు కుళ్లు వాసన.
మా వాడు ముక్కు మూసుకుని గట్టెక్కాడు.
నాకు మాత్రం
తరవాణి కుండ మూత తీసినట్టుంది.

పాసుబుక్కులో నా పేరు లేదు.
ఊడ్పులనాడు మడమ కింద
ఏదో మెత్తగా మెదిలింది.
వానపాము. మూడేళ్లయింది చూసి.
కాలు పక్కకి తీసి
ఇంకో కట్ట విప్పాను.