పదిహేడో సీసా

కృష్ణా నీళ్లు పైపుల్లో రాకముందటి మాట.

ఏ నీళ్లు పట్టాలో ఆ నీళ్లతోనే
సీసాను మూడుసార్లు తొలవాలని
పుస్తకంలో ఉంది గానీ, నాకు నేర్పింది జహంగీర్.
ల్యాబ్‌లో అటెండరు. బండి నడిపేదీ ఆయనే.
మునుగోడు దాటినంక
ఏ బోరు ఏ కరువులో వేసిందో
బండి దిగకుండానే చెప్తడు.

రాతిగూడెంలో ఇరవై మూడు సీసాలు.
మూతల మీద మార్కరు అంకెలు
చెమట చేతులకు కొంచెం అలుక్కుపోయి.
తెల్లారి నల్లగొండలో
ఒక్కో గ్లాసులో ఎలక్ట్రోడు ముంచి
మీటరు మీద అంకె నిలబడేదాకా
ఊపిరి బిగబట్టి చూసుడు.
నాలుగున్నర.
ఐదు పాయింట్ రెండు.
ఆరు.
ఒకటిన్నర దాటితే తాగొద్దని
గోడ మీద చార్టు, రంగు వెలిసి.

ఆ నీళ్లకు వాసన లేదు, రంగు లేదు.
అంకె కూడా అంతే.
ఆరు అంటే ఏందో నాకు తెలిసింది
బోరు గద్దె మీద కూసున్న ఒకాయన
విమానం చప్పుడు విని
మెడ లేవక, నడుమంతా తిప్పి,
గోడకు వీపు ఆనిచ్చి
మొత్తం ఒళ్లుతో ఆకాశాన్ని వెతికినప్పుడు.
విమానం అప్పటికే పోయింది.

పదిహేడో సీసా: సున్నా పాయింట్ తొమ్మిది.

"లేబుల్ మారి ఉంటది, తీసెయ్" అన్నరు సారు.
తెర మీద ఇరవై రెండు చుక్కలు
మంద కట్టి గీత వెంట పోతున్నయి.
ఒక్కటి ఎక్కడో కింద, ఒంటరిగా.
"గీతకు దూరమున్నది గీతను పాడుచేస్తది."

ఎలక్ట్రోడు కడిగిన. మళ్లీ ముంచిన.
సున్నా పాయింట్ తొమ్మిదే.
ఎండలు ముదిరినంక పోయినం: ఒకటి పాయింట్ ఒకటి.
వానలు వెలిసినంక పోయినం: సున్నా పాయింట్ ఎనిమిది.
నలభై అడుగుల అవతల ఊరి బోరు
ఆరు దగ్గరే ఉంది, కదలకుండా.

ఆ బాయి గుట్ట అంచున, వాడ కొసకు.
గిలక లేదు. ఒరలు లేవు.
మూడోసారి కనబడ్డందుకేమో
అంతమ్మ చేద పక్కన పెట్టి మాట్లాడింది.

"ఊర్ల బోరు ఏసిన్నాడు మమ్ముల ముట్టనియ్యలే బిడ్డా.
బిందె దూరం పెట్టి నిలవడితే
పోస్తె పోసినట్టు, లేకుంటె లేదు.
మా మామ మైసయ్యకు రోషమొచ్చింది.
గుట్ట మీద పడ్డ వాననంత కాల్వ గీసి
ఈ బాయిలకు మలిపిండు.
మూడెండకాలాలు తవ్విండు.
గడ్డపార అరిగి జానెడైంది,
సూస్తవా, ఇంట్ల ఉన్నది."

ఆమె మనవరాలు తలుపు చాటునుంచి నవ్వింది.
అలవాటు కొద్దీ పళ్లే చూసిన.
మచ్చ లేదు.

రాత్రి పట్టిక తెరిచి కూసున్న.
లోతు, ఉష్ణోగ్రత, అక్షాంశం, రేఖాంశం,
క్షారత, కాల్షియం.
చివరి గడి పేరు 'రిమార్క్స్'.
అందులో రెండు మాటలకే చోటు.
'వర్షపు నీరు' అని రాసిన.
అబద్ధం కాదు.
కానీ గడ్డపార ఎక్కడ రాయాలి?
నీళ్లకు దూరం పెట్టిన వాళ్లు
ఆ దూరం వల్లనే బతికిన్రని
ఏ ప్రమాణంలో కొలవాలి?
సారు రెండుసార్లు చదివి
చుక్కను ఉండనిచ్చిన్రు.
గీత కొంచెం వంగింది. వంగనీ.

వాడ నుంచి తిరిగొచ్చిన నాడు
జహంగీర్ బండి దగ్గర ఆగి
ఖాళీ సీసా ఒకటి సంచిలోంచి తీసిండు.
అంతమ్మ చేదతో పోస్తుంటే
ఒకసారి తొలిచిండు,
రెండుసార్లు,
మూడుసార్లు.
నిండా పట్టి మూత బిగించిండు.
దాని మీద అంకె వెయ్యలేదు.

చండూరు మలుపు దగ్గర బండి ఆపి
ఇద్దరం తాగినం.