మూడో నంబరు గది

ఎచ్చెర్ల. మధ్యాహ్నం మూడు.
ఉద్దానం పిల్ల ఇప్పుడే వెళ్ళింది,
నాన్న డయాలసిస్ రోజులు వేళ్ళమీద లెక్కపెట్టి
తన పరీక్ష తేదీ మరిచిపోయిన పిల్ల.

కుర్చీలో ఆ వేడి ఆరకముందే
సుంబురు కూర్చున్నాడు.
సీతంపేట కొండల మీంచి.
మూడు వారాలుగా ఒకటే మాట:
"ఏటీ లేదు మేడమ్."
ఫారంలో 'సమస్య' అన్న గడి
అతనికంటే మొండిగా ఖాళీ.

"సవరలో చెప్పు" అన్నాను.
"మీకు రాదు కదా?"
"రాదు. చెప్పు."

పావుగంట చెప్పాడు, కిటికీ చువ్వకేసి.
నాకు దొరికినవి రెండే మాటలు:
హాస్టలు, మెస్సు.
మెస్సు దగ్గర గొంతు రెండుసార్లు తడబడింది.

"ఏటి తెలిసింది మీకు?"
"మెస్సు."
ఫక్కున నవ్వాడు.
ఆ నవ్వే మెల్లగా
ఏడుపులోకి దిగింది.
నీళ్ళసీసా జరిపాను.

గడి ఖాళీగానే వదిలాను.
అంచున పెన్సిలుతో: మంగళవారం.
సవరలో నీళ్ళనేమంటారో అడగాలి.