మైకు లేని సెట్టు

ఆమదాలవలస స్టేషను రోడ్డులో
రెండు మెట్లు దిగితే నా కొట్టు.
పగలు మిక్సీలు, ఫ్యాన్లు, ఎవరిదో మూగబోయిన టేపురికార్డరు.
రాత్రి పదిన్నరకి షట్టరు సగం దించి
బల్ల కింద నుంచి సెట్టు తీస్తాను.

పాతసామాన్ల మన్మథరావు తూకానికి అమ్మేశాడు.
మైకు లేదు, తీగ ఎవరో కోసేశారు.
వినడానికే పనికొస్తుంది,
మా ఇంట్లో నాలాగ.

మీట తిప్పుతాను, వెంట్రుకవాసి, ఇంకో వెంట్రుకవాసి.
ముందు చోళ్ళు వేపినట్టు గరగర,
ఆ గరగరలోంచి జిల్లా గొంతు సవరించుకుంటుంది.

"పాలకొండ రోడ్డులో ఇసక లారీ ఆపాం, ఓవర్."
"గేటు దగ్గర గేదెలు పడుకున్నాయి సార్, లేవడం లేదు, ఓవర్."
"నాగావళి ఎంతుంది, ఓవర్?"
"మెట్టు మీద మెట్టు ఎక్కుతోంది."

కంట్రోలులో రాత్రి డ్యూటీ ఆవిడ మొహం నాకు తెలీదు.
జలుబు చేసిన రోజు తెలుసు.
టీ గుక్క మింగకుండానే బటన్ నొక్కిన రోజు తెలుసు.
తుపాను రాత్రి ఒడ్డు పొడుగునా ఒక్కో ఊరినీ పేరుపెట్టి పిలిచింది,
కళింగపట్నం ఉన్నారా, బందరువానిపేట ఉన్నారా, భావనపాడు...
పలికిన ఊరికల్లా నేనూ
కరెంటు బిల్లు వెనక టిక్కు పెట్టాను.
ఒక్క ఊరు పలకలేదు.
తెల్లారి అయిదింటికి పలికింది.
ఎవరికి చెప్పుకోను?
షట్టరెత్తి కుక్కకి బన్ను వేశాను.

"రేత్రంతా పరాయోళ్ళ ఆపదలు ఇంతావు,
ఇంట్లో గేసయిపోనాదంటే ఇనపడదు" అంటుంది సూరీడమ్మ.
నిజమే.

ఆ రాత్రి వాన లేదు, ఏమీ లేదు.
"డౌన్ లైను పక్కన మగమనిషి, ప్రాణం లేదు.
వయసు యాభై లోపు. పొందూరు నేత చొక్కా.
ఎడం చేతి మీద పచ్చబొట్టు, నెమలి.
తోక సగమే ఉంది. పేరు తెలీదు, ఓవర్."
"పేరు తెలీదు" అంది ఆవిడ, రాసుకుంటూ.

నాకు తెలుసు.
లోలుగు అప్పన్న, మూతపడ్డ చక్కెర మిల్లులో తూకం గుమాస్తా.
నాలుగు రోజుల కిందట ఇదే బల్ల మీద చెయ్యి ఆనించి
"నొప్పికోర్సుకోనేక సగంలో లెగిసొచ్చీసినాను" అని
నెమలిని చూపించి నవ్వాడు.
అతని రేడియో నా వెనక అరలో ఉంది.
స్పీకరు మార్చాలి. అడ్వాన్సు యాభై.

"ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఓవర్."
అడిగింది పోలీసుల్ని.
పది సెకన్లు గరగర.
ఆ పది సెకన్లూ నావి.
నొక్కడానికి మైకు లేదు,
ఉన్నా, దొంగచాటుగా విన్నవాడు
ఏ నోటితో చెబుతాడు?

స్పీకరు మార్చాను.
ఇనుము రెండుసార్లు వేలికి అంటుకుంది.
నాలుగున్నరకి సైకిలు మీద ఏరు దాటాను.
వాళ్ళావిడ తలుపు తట్టకముందే తీసింది.
"ఇంత పొద్దున్నేటి బావూ?"
"రేడియో బాగయిందమ్మా, ఇద్దామని."
"ఆయన రేత్రి ఇంటికి రానేదు."
"స్టేషన్లో ఓసారి అడుగుదాం, నేనొస్తాను."
"ఏ స్టేషనూ?" అంది.
రెండు స్టేషన్లున్న ఊరు మాది.
జవాబు చెప్పకుండా సైకిలు తిప్పాను.
ఆవిడ నా వెనకే నడిచింది, రేడియో చంకలో పెట్టుకుని,
అది ఇంట్లో దించాలని ఇద్దరికీ తోచలేదు.

ఆ రాత్రి సెట్టులో అతని పేరు విన్నాను.
కంట్రోలు ఆవిడ ఒక్కో అక్షరం విడదీసి పలికింది.
"ఎలా తెలిసింది, ఓవర్?"
"రేడియో మెకానిక్కెవరో తోడొచ్చాడంట."
కాసేపు ఏమీ లేదు.
"సరే, ఓవర్."
ఆ కాసేపట్లో ఆవిడ
నా వైపు చూసినట్టనిపించి దీపం ఆర్పేశాను.

నెల తిరిగాక అప్పన్న భార్య కొట్టు మెట్లు దిగింది.
కొంగు ముడి విప్పి మిగతా డెబ్బై లెక్కపెట్టింది.
వద్దన్నా వినలేదు.
వెళ్తూ వెళ్తూ రెండో మెట్టు మీద ఆగింది.
"ఆ రోజు నీకెలాగ తెలిసినాది బావూ?"

నోరు తెరిచాను.
చోళ్ళు వేపిన చప్పుడే వచ్చింది.