ఇయ్యాల ఇది రైలు

పొద్దున అయిదింటికి డిపోల
కొత్త మిషను నా చేతిల పెట్టిండు కంట్రోలర్ సారు.
"మెట్రో కార్డు దీని నెత్తికి తాకిస్తే చాలు,
నువ్వు నోరు తెరిచే పనే లేదమ్మా" అన్నడు.
ఇరవై రెండేండ్లు నోటితోనే బతికినదాన్ని.

ముందటద్దం మీద అట్టముక్క కట్టిన్రు:
మెట్రోకు బదులు. అమీర్‌పేట నుంచి ఎంజీబీఎస్.
మూడు ఆదివారాలు పైన పట్టాల పని ఉందంట.
సత్తార్ భాయ్ స్టీరింగ్‌ను ఓసారి తడిమి
"చలో, ఇయ్యాల మనం రైలు" అన్నడు.
గేరు మార్చంగనే బండి మాత్రం
ఎప్పటి బస్సు లెక్కనే దగ్గింది.

స్టేషన్ మెట్ల మీదికెళ్లి దిగొస్తున్నరు జనం,
పైకి పోవాల్సిన మొఖాలేసుకొని.
టింగ్. టింగ్. టింగ్.
ఒక్కరు నా దిక్కు చూడరు.
మిషను పచ్చగ నవ్విందా, లోపలికి.

చిల్లరే నా సదువు ఇన్నేండ్లు.
టికెట్ వెనుక "మూడు" అని గీసి సంతకం పెట్టిన.
యాభై నోటు ఒక్కటే మిగిలినప్పుడు
ఎర్రగడ్డల దిగే ముసలాయనకు, కాలేజి పిలగానికి
దాంతోటే ముడేసి
"ఇద్దరు దిగి పంచుకోండ్రి" అన్న.
దిగినంక ఏ పాన్‌డబ్బా కాడ నోటు విడిపించిన్రో,
ఛాయ్ తాగిన్రో, తిట్టుకున్నరో, నాకు తెల్వదు.
ఈ టింగుకు వెనుకదిక్కు లేదు.
బాకీ ఏడ రాయాలె?

పంజాగుట్ట కాడ ముగ్గురాడోళ్లు
ఆధార్‌లు ముందటికి చాపిన్రు: "సున్నా టికెట్ కొట్టక్కా."
డిపో కాగితం తీసి సదివిన.
ఈ బండిల సున్నా లేదు. కార్డు, లేకుంటే పైసలు.
"ఇది బస్సు కాదా?"
"బస్సే తల్లీ. గని ఇయ్యాల ఇది రైలు."
"రైలైతే ఏసీ ఏది?"
"రైలైతే సిగ్నల్ కాడ ఎందుకాగె?"
బండి మొత్తం నవ్వింది. నేను సుత.
నవ్వుకుంటనే కొంగు ముడి ఇప్పి
పైసలు లెక్కబెట్టిచ్చిన్రు, నన్ను తిట్టుకుంటనే.

పైన ఖాళీ పట్టా, దాని నీడల మేము.
పిల్లర్ నంబరుతో అడ్రసు చెప్పే ఊరు మాది;
ఒక్కో నంబరు మా కిటికీల్లకెళ్లి
నింపాదిగ ఎనకకు పోతున్నది.

ఖైరతాబాద్‌ల ఎక్కింది ఆ పిల్ల.
తెల్లకోటు మడిచి చంకల పెట్టుకుంది,
కండ్లల్ల రాత్రి ఇంకా పోలే.
కార్డు తాకిస్తే మిషను ఎర్రగ మొత్తుకుంది.
మిగిలింది నాలుగు రూపాయలంట.
ఫోను చచ్చిపోయింది. పర్సుల హాస్టల్ తాళం తప్ప ఏం లేదు.

ఎనక సీట్లకెళ్లి దస్తగిరి అనే ఆయన
(పేరు డబ్బా మూత మీద గీసి ఉంది)
"నాది తాకియ్యి బేటా" అని కార్డు చాపిండు.
మిషను తెర మీద అక్షరాలు లేసినయ్:
ప్రయాణికుడు ఇదివరకే లోపల ఉన్నారు.
మళ్ల తాకించిండు.
ఇదివరకే లోపల ఉన్నారు.
ఆధార్ ఆడోళ్ల పక్కనున్నామె తనది తాకించింది.
ఇదివరకే లోపల ఉన్నారు.
ఒకరు ఇంకొకరి పాలిట ఎక్కరాదంట,
దాని లెక్క దానిది.

దస్తగిరి అయిదు వందల నోటు తీసిండు.
నా సంచిల ఇయ్యాల డిపో చిల్లరే పొయ్యలే.
నా ఛాయ్ పైసలు పదిహేను తీసి
ఆ ముగ్గురాడోళ్ల పైసలల్ల కలిపేసిన.
చెయ్యి ఊకుంటదా? డిపో కాగితం మూల చింపి
పదిహేను అని రాసి, సంతకం పెట్టి
ఆ పిల్ల చేతిల పెట్టిన.
ఇన్నేండ్లు నేను ఇయ్యాల్సిందే రాసిన.
నాకు రావాల్సింది రాసుడు ఇదే మొదలు.

"ఇది ఏడియ్యాలె అక్కా?"
"ఏమో బిడ్డా. ఇయ్యాల నేను రైలుల ఉన్న.
ఎప్పుడన్న బస్సుల కనిపిస్తే ఇయ్యి."

ఉస్మానియా కాలేజి కాడ దిగింది.
ఎనకకు మర్రి చూసిందో లేదో,
అప్పటికే టింగ్, టింగ్.

రాత్రి డిపోల మిషను లెక్క
పైసతో సహా సరిపోయింది.
కంట్రోలర్ సారు కాగితం తిరగేసి మరగేసి
"ఈ మూల ఏమాయెనమ్మా?" అన్నడు.
"దిగిపోయింది సారూ" అన్న.